ఎంపీఓ నెగెటివ్ అంటే లుకేమియా లేనట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నెల రోజులుగా జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నాయి. ఎముక మూలుగ పరీక్షలో 'బ్లాస్ట్‌లు 70 శాతం, ఎంపీఓ నెగెటివ్, పీఏఎస్ పాజిటివ్' అని వచ్చింది. నెగెటివ్ అంటే క్యాన్సర్ లేనట్టేనని బంధువులు అంటున్నారు. డాక్టరేమో ఫ్లో సైటోమెట్రీ కూడా చేయించమంటున్నారు. అవసరమా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరమే, వెంటనే చేయించండి. మీ బంధువులు ధైర్యం చెప్పాలనే అని ఉంటారు గానీ ఆ మాట నమ్మి ఆగిపోవద్దు. బ్లాస్ట్‌లు అంటే ఇంకా ఎదగని రక్తకణాలు. మూలుగలో ఇవి మామూలుగా 5 శాతం లోపే ఉంటాయి, 20 శాతానికి చేరితే అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అంటాం, మీ తమ్ముడికి 70 ఉన్నాయి. అంటే జబ్బు ఉందని ఆ అంకెతోనే దాదాపు తేలిపోయింది. ఎంపీఓ (మైలోపెరాక్సిడేజ్) చూసేది అది ఏ రకమో తెలుసుకోవడానికి.

స్లైడ్‌కి మొదట లీష్మన్ లేదా గీమ్సా రంగు వేస్తారు. అందులో కణం ఆకారం తెలుస్తుంది, కానీ లింఫాయిడ్ బ్లాస్ట్ (బి, టి కణాల జాతిది), మైలాయిడ్ బ్లాస్ట్ (మిగతా రక్తకణాల జాతిది) చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి, ఎంత అనుభవమున్న పాథాలజిస్టుకైనా తేల్చడం కష్టం. అందుకే కణం లోపలి పదార్థాలను పట్టించే రంగులు వాడతారు. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ 3 శాతం బ్లాస్ట్‌లలో కనిపించినా మైలాయిడ్ రకం, అంటే ఏఎంఎల్ వైపు మొగ్గుతాం. సుడాన్ బ్లాక్ అనే రంగుదీ దాదాపు ఇదే పని. పీఏఎస్ రంగు గ్లైకోజన్‌ని చూపిస్తుంది, లింఫాయిడ్ రకమైన ఏఎల్ఎల్‌లో అది తరచుగా ముద్దలు ముద్దలుగా కనబడుతుంది.

కాబట్టి మీ రిపోర్టు ఏఎల్ఎల్ వైపు చూపిస్తోంది, ఖాయం మాత్రం చేయలేదు. ఎందుకంటే ఏఎంఎల్‌లోనే ఎం0, ఎం7 అనే ఉపరకాల్లో, కొన్ని మోనోసైట్ రకాల్లో కూడా ఎంపీఓ నెగెటివ్‌గా వస్తుంది, స్లైడ్ పాతబడితే ఎంజైమ్ దెబ్బతిని తప్పుగా నెగెటివ్ రావచ్చు, పీఏఎస్ ఏమో ఏఎంఎల్‌లోని ఎం6 ఉపరకంలోనూ పాజిటివ్ వస్తుంది. ఫ్లో సైటోమెట్రీలో కణం మీద, లోపల ఉన్న గుర్తులు చూస్తారు. సీడీ19 ఉంటే బి కణాల వైపు, సీడీ3 ఉంటే టి కణాల వైపు, సీడీ13, సీడీ33 ఉంటే మైలాయిడ్ వైపు. ఇంత పట్టుబట్టడానికి కారణం వైద్యం. రెండు రకాలకూ మందులు వేరు, ఎన్నాళ్లు వాడాలన్నదీ వేరు.

అదే శాంపిల్ నుంచి క్రోమోజోమ్ పరీక్షలు, బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు మార్పు పరీక్ష కూడా పంపారేమో అడగండి. అది పాజిటివ్ అయితే ఇమాటినిబ్ లాంటి మాత్రలు తోడవుతాయి. ఈలోగా జ్వరం తగ్గడానికని ఎవరైనా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే దయచేసి ఒప్పుకోవద్దు, పరీక్షలకు శాంపిల్ తీయకముందే స్టెరాయిడ్ పడితే బ్లాస్ట్‌లు తగ్గిపోయి జబ్బు రకం తేలకుండా పోవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం ఇంకా ఉంటే ఇంట్లో పెట్టుకోకుండా ఈరోజే హెమటాలజిస్టు (రక్త జబ్బుల నిపుణుడు) ఉన్న ఆసుపత్రిలో చేర్చండి, ఫ్లో రిపోర్టు అక్కడ అడ్మిట్ అయ్యాక వచ్చినా ఫర్వాలేదు. ఇంకొకటి, చాలామంది మొహమాటంతో అడగరు: మీ తమ్ముడికి పెళ్లయినా కాకపోయినా, కీమో మొదలుకాకముందే వీర్యం దాచుకునే వీలుందేమో డాక్టర్‌ని అడగండి.