తల లేపుతున్నాడా అని అడుగు

నల్లగొండ,
ఆదివారం

చిన్నీ,

నీకు పాలమూరులో నర్సింగ్ ఆఫీసర్ పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసేసరికి చింతకాయ తొక్కు దంచుతున్నాను. అదే చేత్తో నాలుగిళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలువి ముందు చెప్పేస్తాను. మెత్తటి చెప్పులు కొనుక్కో. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకు. చార్టులో రాయని పని చెయ్యని పనే.

నిద్ర చెడగొట్టింది నీ మాట. 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద, అంటే మన మనసునూ ఎదుటివాళ్ళ మనసునూ గుర్తెరిగి మసలుకునే తెలివి మీద, క్లాసు చెప్పారు పెద్దమ్మా, అది ఉన్న నర్సులకు జాబ్ శాటిస్‌ఫ్యాక్షన్ ఎక్కువట, నాకసలు కోపమే రాదుగా' అన్నావు. 1990లో సాలవీ, మేయర్ అనే ఇద్దరు దాని మీద రాశారని కూడా నువ్వే చెప్పావు. కోపం వస్తే వచ్చిందని ముందు గుర్తుపట్టాలనే కదా వాళ్ళు చెప్పేది? రానే రాదనుకునేదానివి ఎట్లా గుర్తుపడతావే?

నేనూ అట్లాగే అనుకునేదాన్ని. అప్పటికి నాకు ఆరేళ్ళ సర్వీసు. మగవాళ్ళ వార్డులో నైట్ డ్యూటీ, నలభై మందికి ఇద్దరం. బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నవ్వుతూ మాట్లాడమని క్లాసులు చెప్పేవాళ్ళు ఆ లెక్క కూడా చెబితే బాగుండు. పురుగుల మందు తాగిన పిల్లగాడికి అది మూడో రోజు. విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కుతోంది, గండం గడిచిందనుకున్నాం. ఆ సాయంత్రం రౌండ్స్‌లో నాది కాని తప్పుకు ఒక డాక్టరు అందరి ముందు నన్ను కడిగేశాడు. 'సరే సార్' అన్నాను. నా ఓర్పుకు నేనే మురిసిపోయాను.

పదిన్నరకు ఆ పిల్లగాడి తల్లి వచ్చింది. 'సిస్టరమ్మా, జర చూస్తవా, పోరడు ఒక తీరుగున్నడు' అంది. వస్తా పొమ్మన్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మూడోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. 'నీ ఒక్క కొడుకేనా ఇక్కడున్నది? ఇంకోసారి వస్తే బయటికి పంపిస్తా' అని ఫైలు బల్లకేసి కొట్టాను. ఇక రాలేదు.

రెండు అడ్మిషన్లు అయ్యి నేను ఆ మంచం దగ్గరికి పోయేసరికి ఒంటిగంట. ఆమె కొడుకు తల కింద అరచెయ్యి పెట్టి కూర్చుని ఉంది. వాడు దిండు మీంచి తల లేపలేకపోతున్నాడు, ఊపిరి పైపైనే ఆడుతోంది. ఆ రకం మందు తాగినవాళ్ళలో కొందరికి ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు మెడ సడలుతుంది, ఆ తర్వాత ఊపిరి. నేను పుస్తకంలో చదివిందే. ఆమె చదవకుండానే మూడుసార్లు చెప్పింది. ఊపిరికి గొంతులో ట్యూబు వేసి, చేత్తో గాలి కొట్టే అంబు బ్యాగు నొక్కుతూ హైదరాబాద్ తీసుకుపోయారు. అంబులెన్సు దగ్గర 'ఎందుకు పిలవలేదమ్మా' అని అడిగాను, సిగ్గు లేకుండా.

'మల్ల తిడ్తవని భయమైంది బిడ్డా' అంది.

వాడు బతికాడు. నెలన్నరకు తల్లీకొడుకులు గంపెడు సీతాఫలాలు తెచ్చారు. వార్డంతా తిన్నారు. నేను ముట్టలేదు, అది ఆమె చూసింది కూడా.

'ఆ తప్పు నాది కాదు సార్' అని డాక్టరుతో గది బయట ఒక్క మాట అంటే నా కోపం అక్కడే పోయేది. తర్వాత అనడం నేర్చుకున్నాను, ఒకరిద్దరు విన్నారు. వినని రోజు తోటి సిస్టర్‌తో 'నాకు ఒళ్ళు మండుతోంది, ఇవాళ నన్ను కనిపెట్టు' అని చెప్పి వార్డులోకి పోయేదాన్ని. నువ్వు చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఏడవలేదని మీ అమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. నాకు అదే టెన్షన్.

శాటిస్‌ఫ్యాక్షన్ అంటావా, ఒకటో తారీఖున జీతం పడితే నాకు సగం వచ్చేసేది. మిగతా సగం సంగతి విను. ఆ తర్వాత మందు తాగిన కేసు ఏదొచ్చినా అటెండెంటును స్టూలేసి కూర్చోబెట్టి, 'గంటకోసారి తల లేపమను. లేపకపోతే ఉరికి రా, తిట్టను' అని చెప్పేదాన్ని. ఒక రాత్రి రెండింటికి ఒక తండ్రి నిజంగానే ఉరికొచ్చాడు. వేళకు ట్యూబు పడింది. పొద్దున డ్యూటీ దిగాక ఆటో ఎక్కబుద్ధి కాలేదు, ఇంటిదాకా నడిచాను.

తొక్కు సీసా మీ అమ్మతో పంపుతున్నాను, నీళ్ళ చెయ్యి పెట్టకు. మొదటి నైట్ దిగగానే ఫోన్ చెయ్యి. బాగుందని చెప్పకు, ఎవరి మీద కోపమొచ్చిందో చెప్పు.

మీ పెద్దమ్మ