లిథియం వేసుకునే తమ్ముడికి చేతుల వణుకు: సమాధానం

ఉన్మాదం రాకుండా లిథియం మందు వేసుకునే మీ తమ్ముడికి అలిపిరి మెట్లెక్కి వచ్చాక చేతుల వణుకు బాగా పెరిగిందని, ఎందుకని అడిగారు. రక్తంలో లిథియం పెరిగి ఉండవచ్చు. కారణాలు రెండూ మీరు రాసినదాంట్లోనే ఉన్నాయి: ఎండలో అలిపిరి మెట్లెక్కి చెమటోడ్చడం, తర్వాత మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోవడం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని సరిగా బయటికి పంపవు. ఆ నొప్పి మాత్రా అంతే చేస్తుంది. సన్నని వణుకు ఈ మందుతో మామూలే; కానీ మీ తమ్ముడికి గ్లాసు పట్టుకోలేనంతగా పెరిగింది కదా.

1. ఐబుప్రొఫెన్ ఆపండి, అదే రకం మాత్ర డైక్లోఫెనాక్ కూడా వద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు.

2. ఈరోజే డాక్టరుకు ఫోను చేసి విషయమంతా చెప్పండి. రక్తంలో లిథియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపేది) పరీక్షలు రాయించుకోండి.

3. అందరూ పొరబడేది ఇక్కడే: చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి. ఉదయం మాత్ర కూడా ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుని వెళ్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, డాక్టరు అనవసరంగా మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది. ల్యాబులో ఈ సంగతి అడగకపోవచ్చు, మీరే చెప్పాలి. సాధారణంగా లిథియం అంకె 0.6 నుంచి 1.0 (mmol/L) మధ్య ఉండేలా చూస్తారు.

4. నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఎప్పటిలాగే తినాలి. శనివారం ఉపవాసం ఇప్పట్లో వద్దు. స్వామి ఏమీ అనుకోడు.

డాక్టరు చెప్పకుండా లిథియం మానకండి, ఉన్నట్టుండి ఆపితే ఉన్మాదం తిరగబెట్టవచ్చు. ఒక్క మినహాయింపు: వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం, మగత కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా, పరీక్ష కోసం ఆగకుండా వెంటనే తిరుపతిలోని రుయా లేదా స్విమ్స్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మాత్రల అట్టలన్నీ వెంట ఉంచుకోండి.