మా ఆయన రోజూ ఆ ఒక్క పాటే వింటున్నారు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్లయి పదహారేళ్లు. మా ఆయనకు 43. రెండు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక మిద్దెమీదికి పోయి, ఇంటర్ రోజుల నాటి ప్రేమపాట ఒకటే మళ్లీ మళ్లీ వింటున్నారు. అడిగితే ‘ఊరికే’ అంటారు. అప్పట్లో ఎవరో అమ్మాయిని ఇష్టపడ్డారని ఆడబిడ్డ చెప్పింది. ఫోన్ తీసి చూడాలా, నిలదీయాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీకు గుచ్చుకోవడం సహజమే. అంతమాత్రాన ఆ అమ్మాయి ఇంకా ఆయన మనసులో ఉందని తేల్చేయకండి.

ఆయన ఇంటర్ చదివేనాటికి పాటలంటే క్యాసెట్లే. చీటీ మీద పాటలు రాసిచ్చి షాపులో రికార్డు చేయించుకునేవాళ్లు. 60 నిమిషాల క్యాసెట్లో పక్కకు ఆరేడు పాటలు పట్టేవి. నెలల తరబడి అవే తిరిగేవి. పరీక్షలు, స్నేహితులు, సైకిలు, మొదటిసారి ఒకరిని చూసి గుండె దడదడలాడటం, అన్నీ ఆ పాటకే అతుక్కుపోయేవి. పదేళ్లకూ ముప్పైకీ మధ్య జరిగినవి తక్కిన వయసుల సంగతులకంటే బాగా గుర్తుంటాయని జ్ఞాపకాల మీద పరిశోధించినవాళ్లు చెబుతారు. నచ్చిన బిట్ రాకముందే, వస్తుందన్న ఎదురుచూపులోనే మెదడులో సుఖానికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. ఒకే పాట వెనక్కి తిప్పి వినడంలో ఈ సుఖమూ ఉంది. ఆ పాటలో ఆ అమ్మాయి కొంత ఉండొచ్చు. పదిహేడేళ్లనాటి తానే ఎక్కువ ఉంటారు.

నన్నడిగితే, పాటకంటే ముందు ఆలోచించాల్సింది రెండు నెలల కిందట ఏం జరిగిందని. అప్పు, పనిలో అవమానం, పెద్దవాళ్ల జబ్బు, లేదా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరడం. వీటిలో ఏదో ఒకటి తరచూ ఉంటుంది.

ఒకరోజు రెండు గ్లాసుల టీ తీసుకుని మీరూ మిద్దెమీదికి పోండి. ఇయర్‌ఫోన్ తీసి స్పీకర్లో పెట్టమనండి. పాట అయిపోయేదాకా ఏమీ అనకండి. ఆ తర్వాత ‘ఈ పాట అప్పట్లో యాడ వినేవాళ్లు మీరు?’ అని అడగండి. ‘ఎవరితో?’ అన్నారంటే అది విచారణ అవుతుంది, ఆయన నోరు మూసుకుంటారు. యాడ అంటే ఊరు, హాస్టలు, స్నేహితులు వరసగా బయటికొస్తాయి. అమ్మాయి మాట ఆయనే ఎత్తితే వినండి. ఇప్పుడెక్కడుందని ఆరా తీయొద్దు. ఆడబిడ్డ చెప్పిందని అసలు అనకండి, గొడవ ఆమె మీదికి మళ్లుతుంది. మొదటిరోజే అంతా చెప్పేస్తారని ఆశపడకండి. నాలుగైదు సార్లు కూర్చోవాల్సి రావచ్చు.

ఫోన్ దాచడం, మెసేజీలు చెరిపేయడం, చెప్పకుండా ఊళ్లు తిరగడం కనిపిస్తే మాత్రం మెత్తగా ఉండక్కర్లేదు. పిల్లలు లేనప్పుడు సూటిగా అడగండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకుంటే అది దిగులు జబ్బు కావచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. ఆయన రానంటే ముందు మీరే ఫోన్ చేసి అడగండి.