తెలియని ఇంగ్లిష్ మాట ఎదురైతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లిష్ రీడింగ్ కాంప్రహెన్షన్ పరీక్షల్లో మాటల అర్థం పట్టుకోవడం మీద వచ్చిన ప్రశ్నలివి. ఒకే రకం ప్రశ్నలను ఒకచోట కలిపాం.

ప్రశ్న: ప్యాసేజీలో తెలియని మాట కనిపించగానే అక్కడే ఆగిపోతున్నాను. మళ్ళీ మళ్ళీ ఆ వాక్యమే చదువుతాను, టైమ్ అయిపోతుంది. అర్థం ఊహించడానికి ఒక పద్ధతంటూ ఉందా?

జవాబు: ఉంది. ముందు ఒకటి తేల్చుకోండి: ఆ మాట మీకు నిజంగా అవసరమా? దాని మీద ప్రశ్న లేకపోతే, దాన్ని దాటేసినా వాక్యం సారం అందుతుంటే, ముందుకు వెళ్ళిపోవడమే మంచిది. ఏదో శిలాజం పేరో, మందు పేరో వస్తే దాన్ని మనసులో మొదటి అక్షరంతో గుర్తు పెట్టుకుని సాగండి. అలాంటి పేర్లకు వివరణ అవసరమైతే చాలాసార్లు ప్యాసేజీలోనే ఇస్తారు.

అవసరమైన మాటే అయితే, నిఘంటువులో ఉండే అర్థం కోసం తడుముకోకండి. మీకు కావలసింది మూడు సంగతులు: ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తోంది, మంచివైపు మొగ్గుతోందా చెడువైపా, దాన్ని నిరూపించే ముక్క పక్కన ఎక్కడుంది. ఈ వాక్యం చూడండి: ‘ఆల్దో ద ఫస్ట్ రిజల్ట్స్ వర్ ప్రామిసింగ్, ద రీసెర్చర్స్ రిమెయిన్డ్ సర్కమ్‌స్పెక్ట్, అండ్ రిఫ్యూజ్డ్ టు అనౌన్స్ ఎ క్యూర్ అంటిల్ ద ట్రయల్ వాజ్ రిపీటెడ్.’ ‘సర్కమ్‌స్పెక్ట్’ తెలియదనుకుందాం. ఆప్షన్లు నాలుగు: నిరాశపడిన, జాగ్రత్తగా ఉన్న, రహస్యంగా ఉంచే, ఆశ్చర్యపోయిన.

‘రిమెయిన్డ్’ తర్వాత వచ్చింది కాబట్టి అది పరిశోధకుల తీరు చెప్పే విశేషణం. ‘ఆల్దో’ ఉంది కాబట్టి ‘ఫలితాలు ఆశాజనకం’ అన్నదానికి ఎదురు నడిచే మాట కావాలి. చాలామంది ఇక్కడే ఆగి ‘నిరాశపడిన’ పెట్టేస్తారు. ఆశకు వ్యతిరేకం నిరాశ కదా అన్నది వాళ్ళ లెక్క. కానీ సాక్ష్యం వాక్యం చివర ఉంది: ప్రయోగం మళ్ళీ చేసేదాకా ప్రకటించం అన్నారు. నిరాశపడినవాళ్ళు మళ్ళీ చేసి చూస్తాం అనకపోవచ్చు. తొందరపడనివాళ్ళు మాత్రం తప్పకుండా అంటారు. ‘రహస్యంగా’ కూడా ఊరిస్తుంది, ప్రకటించలేదు కాబట్టి. అయితే ఆపింది దాచడానికి కాదు, సరిచూసుకోవడానికి. ‘అంటిల్’ అన్న చిన్న మాట ఆ సంగతి చెబుతోంది. మిగిలింది ‘జాగ్రత్తగా’.

మొత్తానికి ఇది అర నిమిషం పని. అర నిమిషంలో తేలకపోతే గుర్తు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి. ప్యాసేజీ మిగతా భాగం చదివాక అదే మాట తేలిగ్గా విడిపోవడం చాలా మామూలు.

ప్రశ్న: సాక్ష్యం పక్కనే ఉంటుందంటారు. ఎక్కడ వెతకాలో తెలియడం లేదు.

జవాబు: అదే వాక్యంలో, ముందు వాక్యంలో, తర్వాతి వాక్యంలో. చాలా మాటలు ఈ మూడింటి లోపలే దొరుకుతాయి. వాటిలో ఈ ఆనవాళ్ళ కోసం చూడండి.

‘అన్‌లైక్’, ‘వైల్’, ‘హౌఎవర్’, ‘రాదర్ దేన్’ వస్తే ఎదురు అర్థం ఉందన్నమాట. వాటికి అవతలివైపు తెలిసిన మాట ఉంటే దాన్ని తిరగెయ్యండి. ‘అండ్ అదర్’ చాలామంది పట్టించుకోని ఆనవాలు: ‘ఫించెస్, వార్‌బ్లర్స్ అండ్ అదర్ సాంగ్‌బర్డ్స్’ అంటే మొదటి రెండూ పాడే పక్షుల్లో రకాలని ఆ రెండు ముక్కలే చెప్పేస్తున్నాయి. కామా తర్వాత వచ్చే ‘ఆర్’ దగ్గర జాగ్రత్త. ‘ఎడీమా, ఆర్ స్వెల్లింగ్,’ అని రెండు కామాల మధ్య ఉంటే అక్కడ ‘ఆర్’ అంటే ‘లేదా’ కాదు, ‘అనగా’ అని. దాన్ని రెండు వేరు జబ్బులుగా చదివినవాళ్ళు తర్వాతి ప్రశ్నలో కూడా తప్పుతారు.

అన్నిటికంటే విలువైనది ‘దిస్’ పక్కన నామవాచకం. పేరాలో రైతులు కొత్త విత్తనాలు వాడటానికి వెనకాడారని రాసి, తర్వాతి వాక్యం ‘దిస్ రెలక్టెన్స్’ అని మొదలైతే, ‘రెలక్టెన్స్’ అంటే ముందు వాక్యం మొత్తానికి పెట్టిన పేరు. వెనక్కి చూస్తే చాలు, అర్థం అక్కడే ఉంది. ‘దిస్ పారడాక్స్’, ‘దిస్ డిక్లైన్’, ‘సచ్ స్క్రూటినీ’ అన్నీ ఈ కోవలోవే.

ప్రశ్న: రూట్ వర్డ్స్, ప్రిఫిక్సుల పట్టిక మొత్తం బట్టీ పట్టాను. అయినా తప్పులు పోతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: పట్టికను మీరు ముందు వాడుతున్నారు. అది చివర రావాలి. వాక్యాన్ని బట్టి ఒక ఊహకు వచ్చాక, ఆ ఊహకు సాక్షిగా రూట్‌ను పిలవండి. పై ఉదాహరణలో ‘సర్కమ్’ అంటే చుట్టూ, ‘స్పెక్ట్’ అంటే చూడటం. చుట్టూ చూసుకుని అడుగు వేసేవాడు జాగ్రత్తపరుడే. ఊహ, సాక్షి కలిశాయి. కలవకపోతే వాక్యాన్నే నమ్మండి.

ఎందుకంటే మాటను ముక్కలు చేసి కూడితే వచ్చే అర్థం చాలాసార్లు మోసం చేస్తుంది. ‘ఇన్’ అంటే ‘కాదు’ అని నేర్చుకున్నవాళ్ళకు ‘ఇన్‌వాల్యుబుల్’ విలువలేనిదిగా కనిపిస్తుంది. నిజానికి అది వెలకట్టలేనిది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది కాదు, మండేదే. ‘ఇన్‌ఫేమస్’ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు ఉన్నవాడు. ‘ఇన్‌డిఫరెంట్’ అంటే తేడా లేనిది అని కాదు, పట్టించుకోకపోవడం అని. ‘డిస్‌ఇంటరెస్టెడ్’ అన్నమాట న్యాయమూర్తి గురించి వస్తే అది మెచ్చుకోలు: తన లాభం చూసుకోని, ఏ పక్షమూ లేని మనిషి అని. భాషా పరిశోధకురాలు బటియా లౌఫర్ ఇలాంటి మాటలను పైకి తేటగా కనబడి మోసం చేసేవిగా వర్ణించారు. వీటిలో ఉన్న ప్రమాదమేమిటంటే, తెలియదన్న అనుమానమే మనకు రాదు. అనుమానం రాకపోతే వాక్యంలోకి చూడం.

ఒకే రూపంలో రెండు రూట్‌లు ఉండటం ఇంకో చిక్కు. ‘పీడియాట్రిక్’లోని ‘పీడ్’ గ్రీకుది, పిల్లలకు సంబంధించింది. ‘పెడెస్ట్రియన్’లోని ‘పెడ్’ లాటిన్‌ది, పాదం. అక్షరాల్లో రెండూ ఒకేలా ఉంటాయి. పైగా ‘పెడెస్ట్రియన్’ విశేషణంగా వస్తే ‘చప్పగా, కొత్తదనం లేకుండా’ అన్న అర్థం కూడా ఉంది. ఒక నవల శైలి గురించి ఆ మాట వస్తే నడక గురించి ఆలోచించకండి.

ముందు భాగాల కంటే చివరి భాగాలు నమ్మకస్తులు. ‘నెస్’, ‘టీ’, ‘ఐజ్’, ‘అస్’ లాంటివి మాట చేసే పనిని చెబుతాయి. ఒక్క ‘లీ’ దగ్గర మాత్రం చూసుకోవాలి: ‘కాస్ట్‌లీ’, ‘టైమ్‌లీ’ క్రియావిశేషణాలు కావు.

ప్రశ్న: కష్టమైన మాటల కంటే తెలిసిన మాటల దగ్గరే మార్కులు పోతున్నాయి. ఎందుకిలా?

జవాబు: చాలా మంచి ప్రశ్న. పరీక్ష పెట్టేవాళ్ళకు ఇష్టమైన చోటు అదే. ‘ఎ నావెల్ సొల్యూషన్’లో నవల లేదు, ‘కొత్త’ అని. ‘ద ఐడియా గెయిన్డ్ కరెన్సీ’ అంటే ఆ ఆలోచన ప్రచారంలోకి వచ్చిందని. రోగ వ్యాప్తిని ‘అరెస్ట్’ చెయ్యడమంటే ఆపడం. ఒకరు తన మాటను ‘క్వాలిఫై’ చేశారంటే దానికి షరతు పెట్టి తగ్గించుకున్నారని. ‘కన్సర్వేటివ్ ఎస్టిమేట్’ అంటే కావాలనే తక్కువ వేసిన లెక్క. ఆప్షన్లలో బాగా పరిచయమైన అర్థాన్ని కూడా పెడతారు. ప్రశ్నగా అడిగిన మాట మరీ తేలికగా ఉంటే అదే హెచ్చరిక అనుకోండి. పరిచయమైన అర్థం ఉన్న ఆప్షన్‌ను అన్నిటికంటే గట్టిగా పరీక్షించండి.

తెలుగువాళ్ళకు ఇందులో అదనపు ఇబ్బంది ఒకటుంది. చాలా ఇంగ్లిష్ మాటలు మన మాటల్లో ఇప్పటికే కలిసిపోయి, ఒక్క అర్థానికి కుదించుకుపోయాయి. ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకు బాధపడ్డాడనే. ఇంగ్లిష్‌లో ‘ఫీల్’ పక్కన ఏ భావమైనా రావచ్చు. లోన్ ‘శాంక్షన్’ అయిందంటే మంజూరైందని మనకు అలవాటు. అంతర్జాతీయ వ్యవహారాల ప్యాసేజీలో బహువచనంగా ‘శాంక్షన్స్’ వస్తే అవి ఆంక్షలు, అంటే దాదాపు తలకిందులు. ఇంకా తీవ్రమైనది ‘డౌట్’. ‘దొంగ వాడేనని నా డౌట్’ అంటే వాడే అయ్యుంటాడని మన భావం. ‘ఐ డౌట్ దట్ హీ ఈజ్ ద థీఫ్’ అంటే వాడు కాదనే అనుకుంటున్నాను అని. మన భావానికి ఇంగ్లిష్‌లో ‘సస్పెక్ట్’ వాడాలి. రచయిత వైఖరి ఏమిటని అడిగే ప్రశ్నలో ఈ ఒక్క మాట జవాబును తిప్పేస్తుంది.

పోలికల వల్ల వచ్చే తప్పులూ ఇలాంటివే: ‘ఇండస్ట్రియల్’, ‘ఇండస్ట్రియస్’, ‘కన్సిడరబుల్’, ‘కన్సిడరేట్’, ‘అడాప్ట్’ (adapt), ‘అడాప్ట్’ (adopt) అని మన నోట ఒకటే అయిపోయే రెండు మాటలు, మొదటిది అలవాటుపడటం, రెండోది స్వీకరించడం. వేగంగా చదివే కన్ను మొదటి అక్షరాలు చూసి మిగతాది ఊహిస్తుంది. అడిగిన మాటను మాత్రం చివరి అక్షరం దాకా చూడండి.

ప్రశ్న: రెండు ఆప్షన్లూ వాక్యంలో చక్కగా సరిపోతాయి. అప్పుడెలా?

జవాబు: ఆప్షన్‌ను వాక్యంలో పెట్టి చదవడం మంచి అలవాటే. కానీ సరిపోవడం వేరు, అర్థం కావడం వేరు. వక్త ఇచ్చిన ‘టర్స్’ జవాబు శ్రోతలకు చిరాకు తెప్పించిందని వాక్యం. ‘క్లుప్తమైన’, ‘మర్యాదలేని’ రెండూ అతుకుతాయి. తర్వాతి వాక్యం చదవండి: వాళ్ళు ఇంకా వివరంగా చెబుతాడని ఆశించారు. ‘వివరంగా’ అన్నదానికి ఎదురు ‘క్లుప్తంగా’. ‘మర్యాదలేని’ అన్నది ఆ జవాబు విన్నవాళ్ళకు కలిగిన భావన కావచ్చు, మాటకు అర్థం కాదు. ఫలితాన్ని అర్థంగా తీసుకోవడం ఈ ప్రశ్నల్లో ప్రధానమైన ఉచ్చు.

అప్పటికీ తేలకపోతే మోతాదు చూడండి. ఇష్టపడకపోవడం, అసహ్యించుకోవడం ఒకే దిక్కువే అయినా బరువు ఒకటి కాదు. వాక్యం మోయగలిగిన బరువునే ఎంచుకోండి. ఇంకొకటి: అడిగింది సమానార్థకమా, వ్యతిరేకార్థకమా అని జవాబు పెట్టే ముందు మరోసారి చూడండి. రెండు రకాలూ ఒకే పేపర్లో ఇచ్చినప్పుడు సరైన అర్థం తెలిసి కూడా మార్కు పోగొట్టుకునేది ఇక్కడే.

ప్రశ్న: నెగెటివ్ మార్కులుంటే ఊహించి పెట్టవచ్చా?

జవాబు: లెక్క చూసుకోండి. నాలుగు ఆప్షన్లు ఉండి, తప్పుకు పావు మార్కు కోస్తే, గుడ్డిగా పెట్టినా సగటున నష్టం లేదు; ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే ఒక్కో ప్రశ్నకు సగటు లాభం మార్కులో ఆరోవంతు, రెండు కొట్టేస్తే మార్కులో మూడోవంతు దాటుతుంది. తప్పుకు మూడోవంతు కోస్తే గుడ్డి ఊహ సగటున సున్నా. అప్పుడు కనీసం ఒకటి కొట్టేశాకే పెట్టండి. కోత లేని పరీక్షలో ఖాళీ వదలకండి.

ప్రశ్న: ఇంగ్లిష్ సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రీడింగ్ భాగంలో మాట అర్థం నేరుగా అడగరు కదా. అక్కడ ఈ కసరత్తు పనికొస్తుందా?

జవాబు: అక్కడే ఎక్కువ పనికొస్తుంది. 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. చదవడంతో కలిపి ప్రశ్నకు నిమిషంన్నర. ప్యాసేజీలో ‘నాక్టర్నల్’ అని ఉంటే ప్రశ్నలో ‘యాక్టివ్ ఎట్ నైట్’ అని మార్చి రాస్తారు, ఆ రెండింటినీ మీరు జత చెయ్యాలి. మార్చడానికి వీల్లేని పేర్లు, సంవత్సరాలు, అంకెలను పట్టుకుని చోటు కనుక్కోండి. ఆ తర్వాతే తెలియని మాట మీద పని మొదలుపెట్టండి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఒక సౌకర్యం ఉంది: ప్యాసేజీలోని మాటనే రాయమంటే, ఖాళీలో నామవాచకం రావాలని తెలిస్తే చాలు, అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాయవచ్చు. అడిగిన మాటల సంఖ్య మించితే మాత్రం జవాబు చెల్లదు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో పెద్ద మాటల కంటే ‘ఆల్’, ‘సమ్’, ‘ఓన్లీ’ల మీద కన్ను పెట్టండి.

ప్రశ్న: ఊహించడం వచ్చేస్తే మాటలు నేర్చుకోవడం మానేయవచ్చా?

జవాబు: మానకూడదు. ఊహించడానికి చుట్టూ తెలిసిన మాటలు ఉండాలి. 2000లో హు, పాల్ నేషన్ అనే భాషా పరిశోధకులు చేసిన అధ్యయనం ప్రకారం ఎవరి సాయం లేకుండా కథ అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలి, అంటే 50 మాటలకు ఒక్కటే కొత్తది. 80 శాతమే తెలిసినప్పుడు చదివినవాళ్ళలో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. మీ సాధన ప్యాసేజీలో 100 మాటలు లెక్కపెట్టి, తెలియనివాటి కింద గీత గీయండి. ఐదారు దాటితే ఆ ప్యాసేజీ ఊహించే సాధనకు పనికిరాదు. కాస్త తేలికైనది తీసుకోండి.

ఏ మాటలు నేర్చుకోవాలంటే, చదువు సంబంధమైన రచనలకు ఎవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడెమిక్ వర్డ్ లిస్ట్‌తో మొదలుపెట్టండి. అందులో 570 పదకుటుంబాలున్నాయి (ఒక మాట, దాని నుంచి వచ్చే రూపాలు కలిపి ఒక కుటుంబం). అరుదైన మాటల పెద్ద పుస్తకాలకంటే ఇది ముందు. నోట్‌బుక్‌లో మాటను ఒంటరిగా రాయకండి: అది వచ్చిన వాక్యం, నిఘంటువు చూడకముందు మీరు ఊహించిన అర్థం, తర్వాత చూసిన అర్థం, ఊహ తప్పితే ఏ ఆనవాలు చూడలేదో ఒక ముక్క. ఇరవై, ముప్పై మాటలకే మీరు ఏ రకం తప్పు పదేపదే చేస్తున్నారో ఆ చివరి వరసలో కనిపిస్తుంది.