సెఖోన్ స్మారకచిత్రంలో ఏవి తప్పకూడదు?

అనంతపురంలోని మీ కళాశాల గోడపై ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ పోరాటాన్ని చిత్రింపజేయాలంటే ఏయే వివరాలు సరిచూసుకోవాలని అడిగారు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ స్థావరంపై పాకిస్తాన్ సేబర్ విమానాలు బాంబులు వేస్తుండగానే ఆయన నాట్ విమానంలో పైకి లేచి, వాటితో తలపడి వీరమరణం పొందారు; భారత వైమానిక దళంలో పరమవీరచక్ర లభించినది ఆయనకొక్కరికే. అందువల్ల నేపథ్యంలో కాశ్మీరు మంచుకొండలు ఉండాలి గాని మన సీమ ఎర్రనేల కాదు. చిత్రకారులు సాధారణంగా వీరుడి విమానాన్నే పెద్దదిగా వేస్తారు, ఇక్కడ అది పొరపాటు: నాట్ రెక్కల విస్తృతి 7 మీటర్లలోపే, సేబర్‌ది 11 మీటర్లకు పైనే. సేబర్‌కు గాలి పీల్చే రంధ్రం ముక్కున ఉంటుంది, నాట్‌కు ఇరుపక్కలా ఉంటుంది.