ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదా?

చూడకూడదు, డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టడం, సెలైన్ పెట్టడం, పరీక్షలకు రక్తం తీయడం ఏవీ చేయకూడదు. ఫిస్టులా అంటే ధమనిని సిరతో కలిపి వేసిన దారి. ధమని జోరుకు సిర కొన్ని వారాల్లో ఉబ్బి, గోడలు గట్టిపడి, డయాలసిస్ సూదులకు తట్టుకునేలా తయారవుతుంది. పట్టీ బిగిస్తే ఆ ప్రవాహం ఆగి రక్తం గడ్డకట్టొచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్, ఈలోపు మెడ దగ్గర గొట్టం, దానితో ఇన్‌ఫెక్షన్ భయం.

ఉద్దానంలో కవిటి నుంచి డయాలసిస్‌కి వెళ్లే మనిషి జ్వరమొచ్చి ఊళ్లో క్లినిక్‌కి వెళ్లారనుకోండి. ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కింద ఫిస్టులా అక్కడి సిస్టర్‌కి కనబడదు. "ఎడమ చెయ్యి వద్దమ్మా, ఫిస్టులా ఉంది" అని ముందే చెప్పాలి.

రోజూ పొద్దున్నే దానిమీద వేళ్లు ఆనించి చూడండి. పిల్లి గుర్రుమన్నట్టు సన్నటి అదురు తగలాలి. తగలకపోతే రేపటిదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చాలామంది ఆ చేతిని అసలు కదపకూడదనుకుంటారు. అది పొరపాటు. గాయం మానాక, డాక్టర్ సరే అన్నాక మెత్తటి బంతిని పిసకడం మంచిదే. ఇలాంటి వ్యాయామంతో సిర బాగా తయారవుతుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. నిండు బిందెలు మొయ్యడం, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం మాత్రం వద్దు.