పబ్‌మెడ్‌లో కనిపిస్తే నమ్మొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతోంది. షుగరు రోగుల పాదాల పుండ్ల మీద థీసిస్. గూగుల్‌లో దొరికిన వ్యాసాలు పెడితే గైడ్ మేడమ్ సగం కొట్టేశారు. ఎక్కడ వెతకాలి?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మెడికల్ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు కూర్చున్నాను. ఎర్ర సిరాతో కొట్టేసిన ఇలాంటి జాబితాలు ఎన్ని చూశానో! టెన్షన్ పడవద్దనండి.

ముందు పబ్‌మెడ్ తెరవమనండి. వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే సైటు అది; అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపేది, 1997 నుంచి అందరికీ ఉచితం. మామూలు మాటలతో వెతికితే వేలకు వేలు వచ్చి పడతాయి. అక్కడ వ్యాసాలను విషయాలవారీగా గుర్తించే 'మెష్' అనే పదకోశం ఉంది. అందులో 'డయాబెటిక్ ఫుట్' అన్న శీర్షికే ఉంది, దాన్ని పట్టుకోవాలి. ఎడమ పక్క ఫిల్టర్లలో 'సిస్టమాటిక్ రివ్యూ' (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా జల్లెడ పట్టిన వ్యాసం) మీద టిక్కు పెడితే ఆ కుప్ప సగానికి సగం కాదు, ఇంకా బాగా తగ్గుతుంది. పూర్తి వ్యాసం ఉచితంగా కావాలంటే దానికీ ఓ ఫిల్టరుంది. కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వేసే ఇలాంటి సమీక్షలు కూడా చూడాలి.

అయితే పబ్‌మెడ్‌లో ఉన్నంత మాత్రాన అది వేదం కాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అది ఇప్పటికీ అక్కడ కనిపిస్తుంది, 'రిట్రాక్టెడ్' అన్న ముద్రతో. ఆ ముద్ర చూడకుండా ఉదహరించిన పీజీలు నాకు తెలుసు, పాపం.

'డబ్బు కట్టండి, మూడు రోజుల్లో అచ్చేస్తాం' అని మెయిళ్లు పంపే పత్రికల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.